ప్యాకెట్టు తిప్పి చూసే తాత

మా తాత రాజబాబు ప్యాకెట్టు వెనక వైపు చదవకుండా అందులోది నోట్లో పెట్టుకున్న పాపాన ఎన్నడూ పోలేదు. ముందు వైపుతో ఆయనకు పని లేదు. "ముందు వైపు వాడు చెప్పుకునేది, వెనక వైపు వాడు ఒప్పుకునేది" అంటాడు. బిస్కట్ ప్యాకెట్టు చేతికిస్తే ముందు దాన్ని బోర్లా తిప్పుతాడు. పెట్టుకున్న కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి ఇంకో కళ్లజోడు పెట్టుకుంటాడు. అదీ చాలకపోతే భూతద్దం తెమ్మంటాడు. ఈలోగా టీ చల్లారిపోతుంది. చల్లారిన టీ మళ్లీ వేడిచేస్తూ మా నానమ్మ రాజులమ్మ సగం జీవితం స్టవ్వు ముందే గడిపేసింది.

తాతది రైల్వేలో టీసీ ఉద్యోగం. బొబ్బిలి నుంచి వచ్చి సికింద్రాబాదులో దిగాడు, మారేడ్‌పల్లిలో ఇల్లు కట్టుకున్నాడు, రైళ్లలో టికెట్లు అడుగుతూ జుట్టు నెరిపించుకున్నాడు. రిటైరైన మర్నాడు పొద్దున్న లేచేసరికి అడగడానికి ఎవరూ లేకపోయారు. చేతికి పాల ప్యాకెట్టు తగిలింది. దాన్ని తిప్పి చూశాడు. అప్పట్నుంచి ఆయన లెక్కలో ప్యాకెట్లన్నీ ప్రయాణికులే. లైసెన్సు నంబరు టికెట్టు. తయారీ తేదీ ఎక్కిన స్టేషను. గడువు తేదీ దిగాల్సిన స్టేషను. దిగాల్సిన చోటు దాటిపోయాక కూడా అలమరలో దర్జాగా కూర్చున్న ప్యాకెట్టు కనపడితే గొంతు మారిపోయేది.

"ఇదేటిది? ఈ శనగపిండి పోయిన నెల్లోనే దిగిపోవాల. ఇంకా ఎవరు కూర్చోబెట్టినారు?"

"నేనే. బజ్జీల్లోకి ఉంటుందని" అనేది నానమ్మ.

"దింపెయ్."

నానమ్మ దింపేది. తాత అటు తిరగ్గానే మళ్లీ ఎక్కించేది.

మా సందు మలుపులో లక్ష్మణ్‌ది కిరాణా కొట్టు. తాత లోపలికి అడుగుపెడితే బేరం కుంటుపడేది.

"సార్, జెర జల్దీ చూడుండ్రి. వెనక లైన్ కట్టిండ్రు."

"లైను ఉండనీ. బొమ్మలో చూడు, దోసెడు బాదంపప్పులు పోశాడు. ఇప్పుడు వెనక చూడు. మైదా, పంచదార, నూనె, ఉప్పు, ఆ తర్వాత బాదం. ఎక్కువ వేసింది ముందు రాయాలి, తక్కువ వేసింది వెనక రాయాలి. అది రూలు. అంటే ఏటన్నమాట?"

"ఏంది సార్?"

"ఇందులో బాదం ఉప్పు కన్నా తక్కువ."

"దాన్ని బాదం బిస్కట్ అంటరు సార్."

"ఉప్పు బిస్కట్ అనాలి."

వెనక నిలబడ్డ ఆవిడ తన చేతిలోని బాదం బిస్కట్లు మెల్లగా అలమరలో పెట్టేసింది. లక్ష్మణ్ ఆ రాత్రి ఏం ఆలోచించుకున్నాడో గాని, మర్నాటికి కొట్టు బయట, కొట్టుకు బాగా ఎడంగా, ఒక స్టూలు వెలిసింది. "సార్, మీరు గక్కడ నీడల కూసోండ్రి. ప్యాకెట్లు నేనే పంపిస్త, ఫుర్సత్‌గ చదువుకోండ్రి" అన్నాడు. అది తనకు జరిగిన సన్మానమనే తాత ఇప్పటికీ అనుకుంటాడు.

టీవీ దగ్గర ఆయన పద్ధతి ఇంకా వింత. లోకమంతా సీరియల్ చూసి, ప్రకటనలు రాగానే లేచి పనులు చూసుకుంటుంది. తాత సీరియల్ నడిచినంతసేపూ కునికేవాడు. ప్రకటన మొదలవగానే లేచి వెళ్లి తెరకు ముక్కు ఆనించేవాడు, అడుగున చీమల బారులా పరిగెత్తే అక్షరాల కోసం.

"జరగండి. తలకాయ తప్ప ఏమీ కనపడడం లేదు" అనేది నానమ్మ.

"ఉండే. 'చూపినది కల్పితం' అని వచ్చింది. దాని తర్వాత ముక్క పారిపోయింది. మళ్లీ వేస్తాడులే, పట్టుకుంటాను."

"ఆ తెల్లకోటాయన మంచిదని చెబుతున్నాడు కదండీ."

"ఆయన డాక్టరు కాదు. కోటు ఎవరిదో. డాక్టర్ల పేరు చెప్పి తిండి అమ్మకూడదు."

ఇంట్లో చేసిన వస్తువులనూ వదిలేవాడు కాదు. ఒకనాడు ఆవకాయ జాడీ ముందు నిలబడి "దీని తయారీ తేదీ ఏటి?" అన్నాడు. నానమ్మ వంటింట్లోకి వెళ్లి పెన్ను వెతుక్కుంది. మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి ఆయన బనీను మీద ఒక కాగితం అతికించి ఉంది. "తయారీ: బొబ్బిలి. నికర బరువు: పెరుగుతూ ఉంది. గడువు: ఎప్పుడో దాటింది. హెచ్చరిక: నోరు ఒకసారి తెరిస్తే మూత పడదు." తాత దాన్ని రెండో కళ్లజోడుతో శ్రద్ధగా చదివాడు.

"లైసెన్సు నంబరు మరిచిపోయావు" అన్నాడు.

ఇవన్నీ నానమ్మ భరించింది. బంతి భోజనాల్లో మాత్రం ఆమె తల ఎత్తలేకపోయేది. ఎవరింట పెళ్లయినా, సత్యనారాయణ వ్రతమైనా, విస్తరి ముందు కూర్చోగానే తాతకు డ్యూటీ పూనేది.

"బాబూ, ఆ కూరలో ఏటి వేశారు?"

"వంకాయ సార్."

"వంకాయ కనపడుతోంది. కనపడనివి చెప్పు. వేరుశెనగ ఉందా? జీడిపప్పు రుబ్బి పోశారా?"

వడ్డించే కుర్రాడు గరిటె గాల్లో ఉంచి వంటవాడి కోసం వెతికేవాడు. బంతి మొత్తం ఆగేది. ఎదుటి వరసలో వాళ్లు ఒకళ్లనొకళ్లు మోచేత్తో పొడుచుకునేవాళ్లు. నానమ్మ విస్తరిలోని అప్పడాన్ని ముక్కలు ముక్కలుగా విరుస్తూ ఉండేది, విరవడానికి ఏమీ మిగలనంత వరకూ.

నానమ్మకు ఆ ఊళ్లో ప్రాణస్నేహం అంటే పక్కింటి శ్యామలమ్మే. బొబ్బిలి నుంచి వచ్చిన కొత్తలో కూరగాయలవాడితో బేరం కూడా ఆడలేక నిలబడితే, గోడ మీంచి తల పెట్టి నానమ్మ తరఫున పోట్లాడింది ఆవిడే. అప్పట్నుంచి మధ్యాహ్నాలు ఇద్దరివీ ఒకటే. ఒకరికొకరు వదినలు. తాత ఆవిడను చెల్లెమ్మా అంటే, ఆవిడ తాతను అన్నా అనేది. కోపం వచ్చినప్పుడు మాత్రం టీసీ సార్ అనేది, మీరు అని మర్యాద కూడా ఇచ్చేది. ఆవిడ మర్యాద ఇచ్చిందంటే ఇంట్లో అందరూ జాగ్రత్త పడాలి.

శ్యామలమ్మ వంటలో పల్లీ లేని వస్తువు ఉండేది కాదు. పల్లీ చట్నీ, పల్లీ పులుసు, పల్లీపొడి చల్లిన బెండకాయ వేపుడు. ఆవిడ కొడుకు ఓంప్రకాశ్‌కు పోయిన శ్రావణంలో పెళ్లయింది. కోడలు కల్పలత నెమ్మది పిల్ల. ఆ పిల్లను చూసి శ్యామలమ్మ మురిసిపోయేది.

"మా కోడలుకు మస్తు భక్తి వదినా. సోమవారం శివునికి ఉపాసం అంటది. మంగళవారం ఆంజనేయస్వామికి. శనివారం సరే. నిన్న బుధవారం సుత ఉపాసమే. బుధవారం ఎవలికి బిడ్డా అంటే వినాయకునికి అన్నది. గీ కాలంల గిట్ల ఎవలుంటరు?"

ఆ కోడలు వచ్చిన దగ్గర్నుంచి తాతకు ఇంకో కొత్త పిచ్చి పట్టింది. పొద్దున్నే బ్రష్షు నోట్లో పెట్టుకుని గోడ దగ్గరికి వెళ్లి, సికింద్రాబాదు స్టేషన్లో ఆ చివరి ప్లాట్‌ఫారానికి వినపడేంత గొంతుతో అడిగేవాడు.

"చెల్లెమ్మా, ఇవాళ ఏటి వంట?"

"దొండకాయ అన్నా."

"అందులో ఏటేటి వేస్తున్నావు? గట్టిగా చెప్పు, వినపళ్లేదు."

"ఉల్లిగడ్డ, కారం, జెర పల్లీపొడి."

పాపం ముసలాయనకు తినాలని ఉందేమోనని శ్యామలమ్మ ఒక గిన్నెలో పంపించేది. రోజూ అడిగేవాడు, రోజూ గిన్నె వచ్చేది. నానమ్మకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించేది.

"ఏటండీ ఆ అడుక్కోవడం? మనింట్లో పొయ్యి వెలగడం లేదా?"

"అడుక్కోవడం కాదు. కనుక్కోవడం."

"ఏం కనుక్కుంటున్నారు?"

"పదార్థాలు" అనేవాడు తాత, నోరు పుక్కిలించి.

ఇలా ఉండగా ఓంప్రకాశ్ ఒక ఆలోచన చేశాడు. అమ్మ పొడులు ప్యాకెట్లు కట్టి, ఏ.ఎస్. రావు నగర్‌లో చిన్న కొట్టు తీసి అమ్మాలి. ప్యాకెట్టు మీద ఏం రాయాలో కూడా రాసుకొచ్చాడు. "మా ఆయనకు చూపిద్దాం వదినా, ఇవన్నీ ఆయనకు కొట్టిన పిండి" అంది నానమ్మ, ఎంతో గర్వంగా. ఆ ఒక్క మాట అన్నందుకు తర్వాత ఆమె ఎన్నిసార్లు నాలుక కరుచుకుందో.

శ్యామలమ్మ కొడుకునూ కోడల్నీ వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. తాత ఎర్ర పెన్ను తెచ్చుకున్నాడు.

"'నూటికి నూరు శాతం స్వచ్ఛం.' కొట్టెయ్. 'ఇంట్లో చేసిన రుచి.' కొట్టెయ్."

"గదేందన్నా, నేను ఇంట్లనే చేస్తున్న కద?"

"ఇవాళ చేస్తున్నావు. రేపు గిరాకీ పెరిగితే షెడ్డు వేసి చేయిస్తావు. ప్యాకెట్టు మీద మాత్రం ఇల్లే ఉండిపోతుంది. కొనేవాడు పొరపడతాడు. రూలు ఒప్పుకోదు. ఇదేటి, 'షుగర్ వ్యాధిని తరిమికొడుతుంది'? తిండి పొట్లం మీద రోగం కుదురుస్తామని రాస్తే మనల్ని తరిమికొడతారు. 'డాక్టర్లు మెచ్చినది.' ఏ డాక్టరు?"

ఓంప్రకాశ్ గొంతు సవరించుకున్నాడు. "మా దోస్త్ ఉన్నడు అంకుల్. తిని మస్తున్నదన్నడు."

"ఏం డాక్టరు?"

"పశువుల డాక్టర్."

తాత ఆ గీత మీద ఇంకో గీత గీశాడు.

"గిట్లయితే ప్యాకెట్ మీద ఏం మిగుల్తదన్నా?" అంది శ్యామలమ్మ.

"పల్లీపొడి అని మిగులుతుంది."

"గది చూసి ఎవలు కొంటరు?"

"పల్లీపొడి కావాల్సినవాళ్లు."

ఇక్కడి దాకా అందరూ నవ్వుకున్నారు. తాత పెన్ను తిప్పి పట్టుకుని, "ఇవి కొట్టెయ్యాల్సినవి. ఇప్పుడు రాయాల్సినవి" అన్నాడు. "పల్లీపొడి మీద, పల్లీలు ఉన్నాయని పెద్దక్షరాలతో రాయండి. కరివేపాకు పొడి మీద, పల్లీలు ఉండొచ్చు అని రాయండి."

"కరివేపాకు పొడిల పల్లి యాడికెళ్లి వస్తది?"

"ఏ మిక్సీలో తిప్పావు?"

"ఉన్నదొక్కటే మిక్సీ."

"పల్లీలు తిప్పింది కూడా అందులోనే కదా?"

"కడుగుత కదన్నా."

"ఎంత కడిగినా బ్లేడు కింద కొంచెం ఉంటుంది చెల్లెమ్మా."

అది తగిలింది. వంట బాగాలేదంటే శ్యామలమ్మ ఊరుకునేదేమో. గిన్నెలు సరిగ్గా కడగదంటే ఎలా ఊరుకుంటుంది? ఆవిడ లేచి నిలబడింది. గుమ్మంలో టీ కప్పులతో నిలబడ్డ కల్పలత ఏదో అనబోయి కప్పుల వైపు చూస్తూ ఉండిపోయింది.

"టీసీ సార్, మీరు గిన్ని దినాలు మా ఇంటి గిన్నెలు ఖాళీ చేసిండ్రు. అప్పుడు బ్లేడు కింద ఏమున్నదో మీకు యాదికి రాలె. మంచిగున్నది" అని కొడుకునూ కోడల్నీ తీసుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత మధ్యాహ్నాలు నానమ్మ ఒక్కతే అయిపోయింది. శ్యామలమ్మ కూర్చునే కుర్చీలో బట్టలు మడతపెట్టి పెట్టుకుంది. రెండ్రోజులకు ఆ బట్టలు తీసేసి కుర్చీ ఖాళీగా ఉంచింది, ఒకవేళ వస్తే కూర్చోవడానికి ఉండాలి కదా అని. శ్యామలమ్మ రాలేదు. తాత మాత్రం సిగ్గు లేకుండా పొద్దున్నే గోడ దగ్గరికి వెళ్లి వంటేమిటని అరుస్తూనే ఉన్నాడు. శ్యామలమ్మ కిటికీ రెక్క కొంచెం తెరిచి "వంకాయ. చింతపండు. పల్లి" అని విసిరినట్టు చెప్పి ధడాలున మూసేది. కోపంలో కూడా పదార్థాలు చెప్పేది. గిన్నె మాత్రం వచ్చేది కాదు.

"వాళ్లు మాట్లాడకపోయినా ఎందుకండీ వాళ్లను గోకడం? నాకున్నది ఆ ఒక్క మనిషి. అది కూడా ఉండొద్దంటారా?" అంది నానమ్మ.

తాత మర్నాడు మళ్లీ గోడ దగ్గరికి వెళ్లాడు.

కొట్టు తెరిచే రోజు దగ్గర పడింది. కల్పలత బొట్టు పెట్టి పిలవడానికి వచ్చింది.

"ఆదివారం షాప్ ఓపెనింగ్ ఆంటీ. వెనక రూంల అందరికీ భోజనాలు. అత్తమ్మ మీరు తప్పకుండ రావాలన్నది. అంకుల్‌ను సుత రమ్మన్నది. కానీ..."

"కానీ ఏటమ్మా?"

"టీసీ లెక్క కాకుండ చుట్టం లెక్క రమ్మన్నది."

నానమ్మకు పోయిన ప్రాణం లేచి వచ్చింది. ఆ వారమంతా తాత వెంటపడి మాట తీసుకుంది.

"ఒక్క ప్రశ్న కూడా అడగకూడదు. అడిగారంటే శ్యామలమ్మ మళ్లీ నా మొహం చూడదు. ఈ ఒక్క పూట నోరు కట్టుకోండి. నాకోసం."

"మంచినీళ్లు పోస్తావా అని కూడా అడక్కూడదా?"

"వద్దు. దాహమేస్తే సైగ చెయ్యండి."

ఆదివారం నాడు తాత చుట్టంలాగే వెళ్లాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. భూతద్దం ఇంట్లోనే ఉందో లేదో నానమ్మ ఆయన జేబులు తడిమి మరీ చూసుకుంది. కొట్టు వెనక గదిలో రెండు వరసలుగా విస్తళ్లు వేశారు. పప్పు వచ్చింది. తాత అడగలేదు. కూర వచ్చింది. ఆయన పెదాలు కదిలాయి, మాట రాలేదు. పచ్చడి వచ్చినప్పుడు గ్లాసును రెండు చేతులా పట్టుకుని పైకప్పు వైపు చూశాడు. ఆయన పడే అవస్థ చూసి శ్యామలమ్మే కరిగింది.

"ఏందన్నా, తింటలేవు? ఇంకింత పప్పు ఏసుకో."

అన్నా అంది, నువ్వు అంది. నానమ్మ కడుపు నిండిపోయింది.

అప్పుడు శ్యామలమ్మ ఒక పళ్లెంలో వేడన్నం తెచ్చింది. అందులో పల్లీపొడి వేసి, నెయ్యి పోసి కలిపింది. "మా ఇంట్ల ఏ యాపారం షురూ చేసినా బోణీ ముద్ద ఇంటి కోడలే తినాలె. మా అత్త నాకు పెట్టింది. ఇయ్యాల నేను నా కోడలుకు పెడుత" అని అందరికీ వినపడేలా చెప్పింది. ఓంప్రకాశ్ ఫోన్ తీసి వీడియో పట్టుకున్నాడు. విస్తరి ముందు కూర్చున్న కల్పలత మొహం తెల్లబడింది.

"అత్తమ్మా, ఇయ్యాల నాకు ఉపాసం."

"ఇయ్యాల ఆదివారం బిడ్డా. ఆదివారం ఎవలికి?"

"సూర్యునికి."

అందరూ నవ్వారు. శ్యామలమ్మ కూడా నవ్వింది. "సూర్యుడు ఏమనుకోడు. ఒక్క ముద్దే. నోరు తెరువు."

"చెల్లెమ్మా, ఆగు" అన్నాడు తాత.

నానమ్మ ఆయన తొడ మీద గట్టిగా గిల్లింది.

"అందులో ఏటేటి ఉన్నాయి?"

"పల్లీపొడిల పల్లీలుంటయి, టీసీ సార్" అంది శ్యామలమ్మ.

"ఇంకా?"

"ఎల్లిగడ్డ, మిరపకాయ, ఉప్పు."

"ఆ నెయ్యి ఎప్పటిది?"

"రాజులమ్మ వదినా, మీ ఆయనకు జెర చెప్పు" అని శ్యామలమ్మ ముద్ద తీసుకుని కోడలి నోటి దగ్గరికి తీసుకెళ్లింది.

తాత విస్తరి ముందు నుంచి లేచాడు. బంతి మధ్యలో ఎవరూ లేవరు. ఆయన లేచాడు, వంగాడు, శ్యామలమ్మ చేతిలో ముద్దను తన నోటితో అందుకుని తినేశాడు.

కొత్త కోడలి కోసం కలిపిన బోణీ ముద్ద. అత్త చేతి ముద్ద. డెబ్బై దాటిన మనిషి, నిలబడి, అందరి ముందూ. ఓంప్రకాశ్ ఫోన్ ఇంకా వీడియో తీస్తూనే ఉంది. తాత నింపాదిగా నమిలి మింగాడు.

"ఉప్పు తక్కువ" అన్నాడు.

నానమ్మ కళ్లు మూసుకుంది. ఇక శ్యామలమ్మ కుర్చీలో ఎప్పటికీ బట్టలే పెట్టుకోవచ్చు అనుకుంది.

"ఏం మనిషివయ్యా నువ్వు?" శ్యామలమ్మ పళ్లెం కింద పెట్టింది. "నా కోడలు ముద్ద గుంజుకొని తింటవా? నీకేం అన్యాయం చేసిన నేను?"

"ఆకలేసింది" అన్నాడు తాత. మూతి తుడుచుకున్నాడు. పక్క వరసలో ఎవరో వయసు మీద పడింది పాపం అన్నారు. దానికీ తలూపాడు.

అప్పుడు కల్పలత లేచింది.

"అంకుల్‌ను ఏమనకండి అత్తమ్మా. గా ముద్ద నేను తింటే మూతి ఉబ్బి ఇంతైతది. ఊపిరి ఆడదు. నాకు పల్లి పడదు. చిన్నప్పటి సంది."

శ్యామలమ్మకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "పల్లి పడదా? మరి గిన్ని దినాలు ఏం తిన్నవే?"

"పెండ్లయిన కొత్తల ఒకసారి మొహమంతా వాచింది గుర్తుందా? మీరు దిష్టి తగిలిందని మిరపకాయలు తిప్పిండ్రు. పల్లి లేని వంట వంటే కాదంటరు మీరు. వచ్చుడుతోనే వంకలు పెడుతున్న అనుకుంటరని భయమైంది. కిరాణా కొట్ల ప్యాకెట్ వెనక చదువుకుంటుంటే అంకుల్ చూసిండు. తన లెక్క ఇంకొకరు దొరికిండ్రని ఖుషీతోని ఎందుకు చదువుతున్నవమ్మా అని అడిగిండు. చెప్పిన. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్న. గప్పటి సంది రోజూ పొద్దున గోడ కాడికొచ్చి మీతోని గట్టిగ చెప్పిస్తుండు, నాకు వినపడాలని. ఫంక్షన్లల్ల కూడ మన దగ్గర్ల కూసొని వడ్డించేటోళ్లను అడుగుతడు."

"మరి ఉపాసాలు?"

"పల్లి వేసిన్నాడు ఉపాసం."

శ్యామలమ్మ వేళ్ల మీద లెక్క వేసుకుంది. "సోమవారం?"

"పల్లీ చట్నీ అత్తమ్మా."

"మంగళవారం?"

"పల్లీ పులుసు."

"బుధవారం వినాయకుడు?"

"బెండకాయ వేపుడు."

"అంటే నీకు భక్తి లేనే లేదా?"

"ఉన్నది అత్తమ్మా. గంత లేదు."

శ్యామలమ్మ కొడుకు వైపు తిరిగింది. "నీకు ఎర్కనారా?"

ఓంప్రకాశ్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "నీకు చెప్పుమన్నది. చెప్పాలె చెప్పాలె అనుకుంటనే ఉన్న."

"శ్రావణం కెళ్లి అనుకుంటున్నవా? నువ్వు అవుతలికి నడువు, నీ సంగతి ఇంటికాడ చెప్త." ఆ తర్వాత కోడలి గడ్డం పట్టుకుంది. "పిచ్చి పిల్లా, పల్లి పడకపోతే కొబ్బరి వేస్త, నువ్వులు వేస్త. దేవుళ్లందరినీ పరేషాన్ చేసుడు ఎందుకే? నాకు చెప్తే అయిపోవు కద." చీర కొంగుతో పళ్లెం కింద మెతుకులు తుడిచి, తాత వైపు చూడకుండానే అంది: "అన్నా, నిలబడ్డవేంది? కూసో. పెరుగన్నం తిను. పెరుగుల పెరుగే ఉన్నది."

తాత కూర్చున్నాడు. నానమ్మ ఆయన విస్తరిలో పెరుగు తనే వడ్డించింది.

ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో నానమ్మ అడిగింది.

"నాకైనా చెప్పొచ్చు కదండీ. ఊరంతా మిమ్మల్ని చూసి నవ్వుతుంటే నేను తల దించుకుని కూర్చున్నాను."

"ఒట్టు వేశాను కదే."

"మరి బంతిలో ఆ పిల్ల విస్తరి వైపు చూసి, ఆ పిల్లకు వడ్డించేది ఒక్కటి అడిగితే సరిపోయేది. అప్పడం దగ్గర్నుంచి అందరిదీ అడగడం ఎందుకు?"

"బోగీలో టికెట్టు లేని మనిషి ఎవరో నాకు ఎక్కగానే తెలిసిపోయేది" అన్నాడు తాత. "మొహం చూస్తే తెలుస్తుంది. కొందరు కావాలని ఎక్కుతారు. కొందరు పాపం పారేసుకుంటారు. సూటిగా ఆ మనిషి దగ్గరికి వెళ్లి అడిగితే అందరూ తిరిగి చూస్తారు. అందుకని నేను మొదటి సీటు నుంచి మొదలెట్టేవాణ్ని. అందరి దగ్గరా ఆగేవాణ్ని. అందరూ నన్ను తిట్టుకునేవాళ్లు, ఆ మనిషిని ఎవరూ చూసేవాళ్లు కాదు. ఒక్కరిని అడిగితే పరువు తీసినట్టు. అందరినీ అడిగితే డ్యూటీ చేసినట్టు."

నానమ్మ ఆయన వైపు తిరిగింది. "అంటే ప్యాకెట్లు చదవడం కూడా ఆ పిల్ల కోసమేనా?"

"ఛ, అది నా సరదా" అన్నాడు తాత.

శ్యామలమ్మ ఆ వారమే ఇంకో మిక్సీ కొంది. కరివేపాకు పొడికి ఒకటి, పల్లీకి ఒకటి. ప్యాకెట్ల మీద తాత రాయమన్నవన్నీ రాయించింది, కొట్టెయ్యమన్నవన్నీ తీయించింది. పశువుల డాక్టరు దగ్గర్నుంచి షుగర్ వ్యాధి దాకా అన్నీ పోయాయి. చూడ్డానికి ప్యాకెట్టు బోడిగా ఉందని ఓంప్రకాశ్ బాధపడ్డాడు. కొట్లో కూర్చునే పని కల్పలత తీసుకుంది.

ఒక సాయంత్రం నానమ్మా శ్యామలమ్మా కొట్టు వెనక గదిలో పొడులు తూచి ప్యాకెట్లు కడుతున్నారు. తాత గుమ్మం పక్కన కూర్చుని ఉన్నాడు. కాప్రా నుంచి వచ్చినావిడ పల్లీపొడి ప్యాకెట్టు తీసి కల్పలతను అడిగింది.

"ఇది ఎట్లుంటదమ్మా? రుచి బాగుంటదా?"

"నాకు తెల్వదండి. నేను తినను."

ఆవిడ ఉలిక్కిపడింది. "నువ్వే అమ్ముతున్నవు, నువ్వే తినవా?"

"దీంట్ల పల్లి ఉన్నది. నాకు పడదు. మీ ఇంట్ల అందరికీ పడితే తీస్కోండి. పడనోళ్లుంటే కరివేపాకుది తీస్కోండి, దాని మిక్సీ వేరే."

ఆవిడ కొంచెంసేపు కల్పలత మొహం చూసింది. ఆ తర్వాత రెండు పల్లీ, ఒక కరివేపాకు తీసుకుంది. వెనక నిలబడి వింటున్న ఇద్దరు కూడా అవే తీసుకున్నారు. ఎవరో చెబితే విని యాప్రాల్ నుంచి వచ్చినాయన, నిజం చెప్పి అమ్మే కొట్టంటే ఇదేనా అని అడిగి మరీ లోపలికి వచ్చాడు.

శ్యామలమ్మ గుమ్మం దగ్గరికి జరిగి గుసగుసగా అడిగింది.

"అన్నా, మేం తినం, మీరు తినుండ్రి అని చెప్పి అమ్ముడు ఏందన్నా? గిట్ల అమ్మొచ్చా? రూల్ ఒప్పుకుంటదా?"

తాత తల గోక్కున్నాడు. తనకు తెలిసిన రూళ్లన్నీ ఒక్కొక్కటిగా మనసులో తిరగేశాడు.

"దీనికి రూలు లేదు చెల్లెమ్మా" అన్నాడు చివరికి. "ఇంతవరకూ ఎవడూ ఇలా అమ్మలేదు. అందుకని వద్దని రాయాలని ఎవరికీ తోచలేదు."

లోపల నానమ్మ నవ్వు ఆపుకోలేక, తూస్తున్న కరివేపాకు పొడి ఒళ్లంతా పోసుకుంది.